మూత ఎత్తితే ఆగాలి!

మన ఇళ్ళలో డ్రయ్యర్ అంటే బట్టలు ఆరబెట్టేది కాదు, పిండేది. సెమీ ఆటోమేటిక్ వాషింగ్ మెషీన్ ఉన్నవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. ఎడమవైపు పెద్ద తొట్టి ఉతకడానికి, కుడివైపు చిల్లుల డబ్బా పిండడానికి. కంపెనీవాళ్ళు దానిమీద ‘స్పిన్’ అని అచ్చువేసినా మనం మాత్రం డ్రయ్యర్ అనే అంటాం. అందులోంచి తీసిన బట్ట పూర్తిగా ఆరి ఉండదు. కానీ నీళ్ళు కారవు. దండెం మీద వేస్తే కింద మడుగు కట్టదు. ముసురు పట్టిన రోజుల్లో, అపార్ట్‌మెంట్ బాల్కనీలో నాలుగు తాళ్ళమీద ఇంటిల్లిపాది బట్టలూ ఆరేసుకునేవాళ్ళకి ఆ తేడా చాలు.

‘ఇంకా సెమీ ఆటోమేటిక్ ఏమిటి, ఫుల్లీ ఆటోమేటిక్ తీసుకోకూడదూ’ అని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ సలహా ఇస్తారు. మాది హైదరాబాద్‌లో నీళ్ళు రోజు విడిచి రోజు వచ్చే కాలనీ. ఎండాకాలం ట్యాంకర్ వస్తే తప్ప గడవదు. సెమీ ఆటోమేటిక్‌లో అయితే బకెట్‌తో నీళ్ళు పోసుకోవచ్చు. తెల్లబట్టలు ఉతికిన సబ్బునీళ్ళలోనే రంగుబట్టలూ, చివర్లో కాళ్ళపట్టాలూ వేసేయొచ్చు. మధ్యలో కరెంటు పోతే ఎక్కడ ఆగిందో అక్కడినుంచి మళ్ళీ మొదలుపెట్టొచ్చు. ఇవన్నీ చెప్పే ఓపిక నాకు లేదు కాబట్టి, ‘మా అత్తయ్యకి ఇదే అలవాటు’ అని ఊరుకుంటాను. అది కూడా నిజమే.

ఆ మెషీన్ అత్తయ్యది. పన్నెండేళ్ళ కిందట చీటీ డబ్బులు చేతికి రాగానే మావారిని వెంటబెట్టుకెళ్ళి కొనుక్కొచ్చారు. అంతకుముందు ఆ ఇంట్లో దుప్పట్లు పిండడమంటే ఇద్దరు మనుషుల పని. ఒక కొస అత్తయ్య పట్టుకుంటే రెండో కొస మామయ్య పట్టుకుని, ఆయన కుడికీ ఈవిడ ఎడమకీ మెలిపెట్టేవారట. మామయ్య పోయాక రెండో కొస పట్టుకునే మనిషి లేకపోయాడు. ‘అవతలి కొస కుళాయికి కట్టి పిండేదాన్ని’ అంటారు అత్తయ్య, అదేదో మామూలు విషయమైనట్టు. ఇప్పుడు ఆవిడ కుడి మణికట్టులో నరం నొక్కుకుపోతోంది. రాత్రిళ్ళు వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. మెలిపెట్టే పనులు చేయొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. గిన్నెలు తోమడానికి పనిమనిషి ఉంది. బట్టలు మాత్రం అత్తయ్య ఎవరి చేతికీ ఇవ్వరు. ఇస్తే మెషీన్‌కి తప్ప ఇవ్వరు.

అలాంటి డ్రయ్యర్ సరిగ్గా శ్రావణమాసంలో, వారం రోజులుగా ఎండ మొహం చూడని ఒక ఆదివారం ఉదయం తిరగనంది.

చప్పుడు లేదు, కదలిక లేదు. టైమర్ తిప్పితే టిక్‌టిక్‌మంటోంది. లోపల డబ్బా మాత్రం బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంది. ఉతికే తొట్టి మాత్రం శుభ్రంగా పనిచేస్తోంది. ఇంట్లో తలా ఒక మాటా అన్నారు. ‘మోటారు పోయుంటుంది’ అన్నారు మావారు. ఆయన లెక్కలో ఫ్యాన్ తిరగకపోయినా, మిక్సీ ఆగినా, పక్కింటివాళ్ళ బైక్ స్టార్టు కాకపోయినా మోటారు పోయినట్టే. ‘నిన్న జీన్స్ ప్యాంట్లు నాలుగూ ఒకేసారి వేశారు’ అన్నారు అత్తయ్య మావారివైపు చూస్తూ. మా నాలుగేళ్ళ పాప మాత్రం ‘దానికి జ్వరమొచ్చింది’ అని తేల్చేసింది.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ఆ అమ్మాయి మోడల్ నంబర్ అడిగి, ‘మేడమ్, అది పాతది, స్పేర్లు దొరకడం కష్టం, ఎక్స్చేంజ్ ఆఫర్ ఉంది’ అని చెప్పింది. ఏం పోయిందో చూడకుండానే! మధ్యాహ్నానికల్లా అత్తయ్య బాత్రూములో దుప్పటి పిండుతూ కనిపించారు. సాయంత్రానికి మణికట్టు వాచింది.

సోమవారం మా వీధి చివర షాపు కుర్రాడొచ్చాడు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళుంటాయి. చురుకైనవాడే. పై ప్యానెల్ స్క్రూలు విప్పాడు, లోపలికి తొంగిచూశాడు, రెండు వైర్లు కత్తిరించి ఒకదానికొకటి మెలిపెట్టి నల్లటేపు చుట్టాడు. ప్లగ్గు పెట్టగానే డ్రయ్యర్ ఝుమ్మని లేచింది. అంతా కలిపి పది నిమిషాలు. ‘స్విచ్ పోయిందక్కా, డైరెక్ట్ ఇచ్చేసిన. ఇంక పరేషాన్ లేదు’ అన్నాడు. మూడువందలు తీసుకున్నాడు. అత్తయ్య అతనికి టీ కూడా ఇచ్చారు.

‘డైరెక్ట్ ఇచ్చేయడం’... ఈ మాట వినని ఇల్లు మన దగ్గర ఉంటుందా? ఫ్రిజ్ స్టెబిలైజర్ పోతే డైరెక్ట్. గీజర్‌లో థర్మోస్టాట్ పనిచేయకపోతే డైరెక్ట్. ఫ్యూజ్ మాటిమాటికీ పోతోంటే దాని స్థానంలో లావుపాటి రాగి తీగ. మధ్యలో ఏదో ఒకటి అడ్డుపడుతోంది, దాన్ని పక్కన పెడితే పని జరుగుతుంది. మెకానిక్‌కి తొందర, మనకి అంతకన్నా తొందర. ఆ అడ్డుపడేది ఎందుకు పెట్టారన్న ప్రశ్న ఎవరికీ రాదు.

డ్రయ్యర్‌లో ఆ రెండు వైర్ల మధ్యా ఉండాల్సింది మూత స్విచ్. మూత వేస్తే దాని కొస వచ్చి స్విచ్‌ని నొక్కుతుంది, మోటారుకి కరెంటు అందుతుంది. ఎత్తితే కరెంటు ఆగిపోతుంది. అదే మూతకి ఒక సన్నటి తీగ కూడా కట్టి ఉంటుంది. అది కిందికి వెళ్ళి బ్రేకుని పట్టుకుంటుంది. సైకిల్ బ్రేకు తీగలాంటిదే, కాకపోతే తిరగేసి పనిచేస్తుంది. మూత వేసి ఉన్నంతసేపూ తీగ లాగి ఉంటుంది, బ్రేకు వదులుగా ఉంటుంది. మూత ఎత్తగానే తీగ వదులై, బ్రేకు కట్ట వచ్చి తిరిగే చక్రాన్ని పట్టేసుకుంటుంది. కరెంటు ఆపడం ఒకటి, తిరుగుడు ఆపడం ఒకటి. రెండూ ఒకే మూతతో జరిగేలా ఏర్పాటు చేసినవాడెవడో తెలివైనవాడు.

ఎందుకంత జాగ్రత్త అంటే... మా మెషీన్ మీద రాసినదాని ప్రకారం ఆ డబ్బా నిమిషానికి 1,300 చుట్లు తిరుగుతుంది. స్కేలు పెట్టి కొలిస్తే మధ్యనుంచి అంచుకి 12 సెంటీమీటర్లు. లెక్కవేస్తే డబ్బా అంచు గంటకి దాదాపు 60 కిలోమీటర్ల వేగంతో వెళుతోందన్నమాట. ఆ వేగానికి బట్టలోని నీటిని బయటికి తోసే బలం భూమ్యాకర్షణకి 200 రెట్లు దాటుతుంది. ఏ చెయ్యీ అలా పిండలేదు. అందుకే ఐదు నిమిషాల్లో దుప్పటి తేలికైపోతుంది. ఆ తిరిగే దుప్పటి కొస వేలికి చుట్టుకుంటే ఏమవుతుందో రాయడం నాకిష్టం లేదు.

బుధవారం సాయంత్రం నేను ఆఫీసునుంచి వచ్చేసరికి పాప బాత్రూము పీట ఎక్కి మూత ఎత్తి లోపలికి చూస్తోంది. డబ్బా ఇంకా తిరుగుతోంది. ‘అమ్మా, ఎర్ర గౌను గిర్రున తిరుగుతోంది చూడు’ అని నన్ను పిలిచింది. పిల్లని ఎత్తుకుని ప్లగ్గు పీకేశాను. ఏమీ కాలేదు. కాలిన రబ్బరు వాసన మాత్రం వచ్చింది. మూత ఎత్తగానే బ్రేకు పట్టుకుంది, కానీ మోటారుకి కరెంటు అందుతూనే ఉంది. పన్నెండేళ్ళ అరిగిన బ్రేకు దానిముందు ఏం నిలుస్తుంది! రెండూ పెనుగులాడుకుంటున్నాయన్నమాట.

ఆ రాత్రి ఇంట్లో చిన్న యుద్ధమే జరిగింది. ‘పనిచేస్తున్నదాన్ని మళ్ళీ విప్పిస్తే ఉన్నదీ పోతుంది’ అన్నారు అత్తయ్య. ఆవిడ భయం నాకు అర్థమైంది. మళ్ళీ ఆ దుప్పట్లు, ఆ చెయ్యి. ‘పిల్లకి చెబుదాం, ఆ పక్కకి పోవద్దని’ అన్నారు మావారు. నాలుగేళ్ళ పిల్లకి ఒక వస్తువు దగ్గరికి పోవద్దని చెప్పడమంటే దాని అడ్రసు చెప్పడమే కదా! ‘మా చిన్నప్పుడు ఏ స్విచ్‌లున్నాయి’ అని కూడా అన్నారాయన. మా చిన్నప్పుడు నిమిషానికి 1,300 చుట్లు తిరిగేవి కూడా ఇంట్లో లేవన్నాను.

మా ఆఫీసులో ఒకావిడ చెబితే ఒక పెద్దాయన దొరికారు. అరవై దాటాయి. భుజాన సంచీ, అందులో మీటరు, మడతపెట్టిన పాత చొక్కా ఒకటి నేలమీద పరుచుకోవడానికి. మోటారు సంగతి ఏమిటని మావారు అడిగితే, ‘మీటర్ పెట్టి చూడకుండ నేనేదీ చెప్పను సార్’ అన్నారు. ముందు ప్లగ్గు పీకి పక్కన పెట్టారు. తర్వాత మమ్మల్నే అడగడం మొదలుపెట్టారు. ఆగిపోయిన రోజు చప్పుడేమైనా వచ్చిందా? గుమ్మని మూలిగిందా, అసలు ఉలుకూ పలుకూ లేదా? ఆ ప్రశ్న కోసమే ఆయనకి సగం డబ్బులివ్వొచ్చు.

ఎందుకంటే తిరగని డ్రయ్యర్లు రెండు రకాలట. మూలిగేవి, మూగవి. మూలుగుతోందంటే మోటారుకి కరెంటు అందుతోంది, తిరగలేకపోతోంది. అప్పుడు చూడాల్సింది బ్రేకు తీగ తెగిందా, బ్రేకు పట్టేసిందా, డబ్బాకీ బయటి తొట్టికీ మధ్య సందులో ఏ చేతిరుమాలో ఇరుక్కుందా, మోటారుని మొదట తోసే కెపాసిటర్ చచ్చిపోయిందా అని. అసలు చప్పుడే లేదంటే కరెంటే అందడం లేదు. టైమర్ లోపలి పాయింట్లు మాడిపోయి ఉండొచ్చు. టిక్‌టిక్‌మన్నంత మాత్రాన టైమర్ బాగున్నట్టు కాదు, అది ఉత్త గడియారం చప్పుడు. మూత స్విచ్ పోయి ఉండొచ్చు. ఎలుక వైరు కొరికి ఉండొచ్చు. ఇవన్నీ దాటి వచ్చాకే మోటారు. ‘నా సర్వీసుల మోటార్ పోయిందని పిలిచినోళ్ళల్ల నిజంగ మోటార్ పోయినోళ్ళు తక్కువనే’ అన్నారు పెద్దాయన. మావారు మాట్లాడలేదు.

మాది మూగ రకం. కుర్రాడు స్విచ్ అని కనిపెట్టింది నిజమే, ఆ మాత్రం పని వచ్చినవాడే. పెద్దాయన నల్లటేపు విప్పి, ముందు మూతకున్న ప్లాస్టిక్ కొస విరిగిందేమో చూశారు. చాలాసార్లు స్విచ్ బాగానే ఉంటుందట, దాన్ని నొక్కే కొస విరిగిపోయి ఉంటుందట. మాది విరగలేదు. స్విచ్‌ని వేలితో నొక్కిపట్టి మీటరు పెడితే ముల్లు కదల్లేదు. ఏళ్ళ తరబడి తడిచేతులతో మూత ఎత్తీ ఎత్తీ, సబ్బునీళ్ళు కారి లోపలి రేకు తుప్పుపట్టిపోయింది. మర్నాడు ఆయన కోఠి వెళ్ళి, గుజరాతీ గల్లీలో అలాంటిదే స్విచ్ పట్టుకొచ్చారు. కస్టమర్ కేర్ దొరకదన్న స్పేరు ధర 80 రూపాయలు.

బ్రేకు కట్ట మార్చడానికి మెషీన్ వెనక రేకు విప్పాల్సొచ్చింది. అత్తయ్య కుర్చీ వేసుకుని మరీ కూర్చున్నారు. పన్నెండేళ్ళుగా రోజూ వాడుతున్నా దాని లోపలి భాగం చూడడం ఆవిడకి అదే మొదటిసారి. మోటారు మూడు స్ప్రింగుల మీద నిలబడి ఉంది. పైన డబ్బా ఇరుసు చుట్టూ మడతల రబ్బరు గొట్టం. అది చిరిగితే నీళ్ళు నేరుగా మోటారు మీద పడతాయనీ, చాలా మోటార్లు చచ్చేది అలాగేననీ ఆయన చూపించారు. మాది ఇంకా చిరగలేదు గానీ గట్టిపడింది, వచ్చే ఎండాకాలంలోగా మార్చుకోమన్నారు. అడుగున జాలీ లేదు, ఎలుకలకి రాజద్వారం. సందులోంచి పాప ఎర్ర సాక్సు ఒకటి బయటపడింది. దాని జత పోయిన చలికాలంలోనే పారేశాం.

ఆయన అత్తయ్యకొకటి నేర్పారు. ‘అమ్మా, బట్టలు ఒకపక్కకు కుక్కొద్దు. చుట్టూ సమానంగ పెట్టి, మీదికెళ్ళి ఈ ప్లాస్టిక్ బిళ్ళ వెట్టి నొక్కాలె’. ఆ బిళ్ళ మెషీన్‌తోపాటే వచ్చింది. మా ఇంట్లో అది ఊరగాయ జాడీ కింద ఉంటోంది. అది పెట్టకపోతే పైబట్టలు ఎగిరి సందులో పడతాయి. తడితువ్వాలు ఒక్కటే ఒకపక్క వేస్తే డబ్బా ఊగిపోయి తొట్టికి ధనధనా కొట్టుకుంటుంది, స్ప్రింగులు అలా విరుగుతాయి.

అన్నీ బిగించాక ప్లగ్గు పెట్టి, డబ్బా పూర్తి వేగం అందుకున్నాక మూత ఎత్తారు. ఒకటి, రెండు, మూడు... నాలుగు అనేలోపు ఆగిపోయింది. స్విచ్‌కి 80, బ్రేకు కట్టకి 150, ఆయన కూలి 400. అత్తయ్య ఈయనకి టీతోపాటు జంతికలు కూడా పెట్టారు.

ఆ ఆదివారం న్యూజెర్సీ నుంచి మా ఆడపడుచు వాట్సాప్‌లో మాట్లాడుతుంటే అత్తయ్య ఈ కథంతా చెప్పారు. ‘అమ్మా, మీకు డ్రయ్యర్ ఎప్పుడు కొన్నారు?’ అని ఆవిడ ఆశ్చర్యపోయింది. వాళ్ళ దగ్గర డ్రయ్యర్ అంటే వేరే మెషీన్. పెద్ద డ్రమ్ము తిరుగుతుంటే దాంట్లోకి వేడిగాలి కొట్టి బట్టల్ని పూర్తిగా ఆరబెడుతుంది. కరెంటుదయితే దానికి 240 వోల్టుల ప్రత్యేకమైన ప్లగ్గు ఉంటుంది, ఎందుకంటే అమెరికా ఇళ్ళలో మామూలు ప్లగ్గులు 120 వోల్టులే. అదీ కిందటేడు వాళ్ళింట్లో ఆగిపోయిందట. బట్టలనుంచి ఊడిన నూగు గాలిగొట్టంలో పేరుకుపోయి, వేడి బయటికి పోలేక, లోపలున్న థర్మల్ ఫ్యూజ్ తెగిపోయింది. అది ఒకసారి తెగితే మార్చాల్సిందే. ‘మా పక్కింటాయన దాన్ని తప్పించి వైరు కలిపేయమన్నాడు, ఇక్కడా ఉన్నారమ్మా అలాంటివాళ్ళు’ అంది. డైరెక్ట్ అన్నమాట! వచ్చిన మెకానిక్ మాత్రం గొట్టం శుభ్రం చేయకుండా ఫ్యూజ్ మార్చనన్నాడట. అతని పట్టుదలకి కారణం ఉంది. 2008 నుంచి 2010 వరకు అమెరికా అగ్నిమాపక విభాగం లెక్కల ప్రకారం అక్కడి ఇళ్ళలో ఏటా సుమారు 2,900 అగ్నిప్రమాదాలు బట్టల డ్రయ్యర్ల వల్ల జరిగాయి. వాటికి అన్నిటికన్నా ముఖ్యకారణం శుభ్రం చేయకపోవడమే. ఫ్యూజ్ పోయిందని విసుక్కుంటాం గానీ, గొట్టం మూసుకుపోయిందని చెప్పింది అదే కదా.

మీ ఇంట్లోనూ సెమీ ఆటోమేటిక్ ఉంటే ఒక్క పని చేయండి. డ్రయ్యర్ తిరుగుతుండగా మూత ఎత్తి చూడండి, చెయ్యి మాత్రం దూరంగా ఉంచండి. నాలుగైదు సెకన్లలో ఆగిపోతే సరే. తిరుగుతూనే ఉందంటే ఎప్పుడో ఎవరో డైరెక్ట్ ఇచ్చేశారు. నిదానంగా, సాగి సాగి ఆగుతోందంటే బ్రేకు అరిగింది. రెండూ చిన్నపనులే. రిపేరు మాత్రం ఎవరు చేసినా ముందు ప్లగ్గు పీకాలి. పీకాక కూడా కెపాసిటర్‌లో కాసేపు కరెంటు నిలిచి ఉంటుంది కాబట్టి, మావారిలా స్క్రూడ్రైవర్ కనపడితే ఆగలేనివాళ్ళని కాస్త దూరం పెట్టండి. తడినేలమీద ఉండే వస్తువు, ప్లగ్గు మూడు పిన్నులదే కావాలి. గోడలో ఎర్తింగ్ ఉందో లేదో కూడా ఒకసారి చూపించుకోండి. మెషీన్‌ని ముట్టుకుంటే జిమ్మంటోందని చెప్పులేసుకుని ఉతికే ఇళ్ళు నేను చూశాను.

వీధి చివర కుర్రాడి మీద నాకు కోపం లేదు. ‘మెషీన్ తిరగాలి, తొందరగా, తక్కువలో’ అని అడిగేది మనమే. అతను రోజుకి ఏడెనిమిది ఇళ్ళు తిరగాలి. కోఠి వెళ్ళి 80 రూపాయల స్విచ్ తెచ్చే పూటలో అతనికి నాలుగు ఇళ్ళు పోతాయి. అయినా వెళ్ళి చెప్పాను, పాప పీట ఎక్కిన సంగతి. కాసేపు ఏమీ మాట్లాడలేదు. ‘పిల్లలున్నరని నాకు తెల్వదక్కా’ అన్నాడు. తర్వాత, ఇదే అపార్ట్‌మెంట్‌లో ఇంకో మూడిళ్ళలో కూడా డైరెక్ట్ ఇచ్చానని తనే చెప్పాడు.

ఆ మూడిళ్ళకీ వెళ్ళాను. రెండో అంతస్తువాళ్ళు మర్నాడే పెద్దాయన్ని పిలిపించుకున్నారు. నాలుగో అంతస్తులో రిటైరైన దంపతులిద్దరే ఉంటారు. దసరాకి మనవలు వస్తున్నారని వాళ్ళూ స్విచ్ వేయించుకున్నారు. మూడో ఆవిడ మా ఎదురింట్లోనే. ‘బాగానే తిరుగుతోందిగా, శ్రావణం వెళ్ళాక చూద్దాం లెండి’ అంది. వాళ్ళ బాబు ఎల్‌కేజీ. రోజూ సాయంత్రం మా పాపతో ఆడుకోవడానికి వస్తాడు.